విదేశాంగ విధానంలో మానవ హక్కులు, ప్రజాస్వామ్యం: అన్ని దేశాలకూ ఒకే కొలతేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఉక్రెయిన్ మీద ఒక మాట, గాజా మీద మరో మాట ఎందుకు? శ్రీలంక తమిళుల విషయంలో ఢిల్లీ ఓటు ఒక్కో ఏడాది ఒక్కోలా ఎందుకు పడింది? ఈజిప్టు సైన్యాన్ని ఒకలా, మయన్మార్ సైన్యాన్ని మరోలా అమెరికా ఎందుకు చూసింది? విజయవాడలోనైనా, గుంటూరులోనైనా విదేశాంగ విధానం మీద చర్చ పెడితే ముందు ఈ ప్రశ్నలే వస్తాయి. గ్రూప్స్, సివిల్స్‌కు చదివేవాళ్లు, లాయర్లు, పౌరహక్కుల కార్యకర్తలు, ఎగుమతి వ్యాపారులు ఎక్కువగా అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాశాం. ఓట్లను ఎవరికి వాళ్లు పరిశీలించే పద్ధతి, ఆర్టీఐ దరఖాస్తు, పార్లమెంటు ప్రశ్న గురించి చివరి భాగంలో ఉంది.

నిలకడ అంటే అన్ని దేశాలతో ఒకేలా వ్యవహరించడమా?

కాదు. నేపాల్‌లో రాజు పార్లమెంటును పక్కనపెడితే ఢిల్లీకి చేతిలో ఉండే మార్గాలు వేరు, పశ్చిమాఫ్రికాలో సైన్యం అధికారం లాక్కుంటే ఉండేవి వేరు. చర్య వేరు కావచ్చు, కొలత మాత్రం మారకూడదు. గుంటూరు మిర్చి యార్డులో తేమను బట్టి, రంగును బట్టి ధర మారితే ఎవరూ తప్పుపట్టరు. మనిషిని బట్టి కాటా మారితేనే గొడవ.

కాబట్టి ఏ దేశం నిలకడనైనా మూడు విషయాల్లో చూడాలి. ఒకే రకం ఘటన జరిగినప్పుడు దాన్ని ఒకే పేరుతో పిలిచిందా? ఏం చేసినా, చేయకపోయినా కారణం బయటికి చెప్పిందా? ఒక చోట చెప్పిన కారణానికి మరో చోట కట్టుబడిందా? ఈ మూడోదే అసలు పరీక్ష. ఎక్కువ దేశాలు తప్పేది కూడా అక్కడే.

విదేశాల్లో హక్కుల గురించి పట్టించుకోవాలని మన రాజ్యాంగంలో ఉందా?

నేరుగా ఆ మాటల్లో లేదు. 51వ అధికరణం అంతర్జాతీయ శాంతి భద్రతలను పెంపొందించాలని, దేశాల మధ్య న్యాయమైన, గౌరవప్రదమైన సంబంధాలు ఉండాలని, అంతర్జాతీయ చట్టాన్నీ ఒప్పంద బాధ్యతలనూ గౌరవించాలని, వివాదాలను మధ్యవర్తిత్వంతో పరిష్కరించుకునేలా ప్రోత్సహించాలని చెబుతుంది. ఇది ఆదేశిక సూత్రం. 37వ అధికరణం ప్రకారం దీన్ని అమలు చేయమని కోర్టుకెళ్లే వీలు లేదు. ఒప్పందాలను అమలు చేయడానికి చట్టం చేసే అధికారం 253వ అధికరణం కింద పార్లమెంటుకు ఉంది.

కోర్టులో చెల్లదు కాబట్టి విలువ లేదనుకోవద్దు. స్వాతంత్ర్యం రాకముందే, 1946లో, దక్షిణాఫ్రికాలోని భారతీయుల పట్ల వివక్షను ఐక్యరాజ్య సమితి ముందు పెట్టింది మన దేశమే. అదే ఏడాది ఆ దేశంతో వాణిజ్యం నిలిపేసింది. ఆ సర్వప్రతినిధి సభలో మన బృందానికి విజయలక్ష్మీ పండిట్ నాయకత్వం వహించారు. 1974లో డేవిస్ కప్ ఫైనల్‌కు చేరి కూడా, ఎదుట దక్షిణాఫ్రికా ఉందని ఆడకుండా కప్పు వదులుకున్నాం. రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు మళ్లీ ఏర్పడింది 1993లో. అంటే దాదాపు అర్ధ శతాబ్దం పాటు, ప్రభుత్వాలు మారినా, నష్టం వచ్చినా ఒకే మాట మీద నిలబడ్డాం. నిలకడ మనకు చేతకానిదేమీ కాదని చెప్పడానికి ఈ ఒక్కటి చాలు.

మరి నెహ్రూ కాలంలో అన్ని చోట్లా అలాగే నిలబడ్డారా?

లేదు. 1956లో ఒకే వారంలో రెండు దండయాత్రలు జరిగాయి. సూయజ్ కాలువ కోసం బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ఈజిప్టు మీద పడ్డాయి. నెహ్రూ వెంటనే గట్టిగా ఖండించారు. అవే రోజుల్లో సోవియట్ ట్యాంకులు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోకి దిగాయి. సేనలు వెనక్కి వెళ్లాలన్న నవంబరు 4 తీర్మానంపై భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యంలో స్వేచ్ఛగా ఎన్నికలు జరపాలన్న నవంబరు 9 తీర్మానానికి ఏకంగా వ్యతిరేకంగా ఓటేసింది. జయప్రకాశ్ నారాయణ్ వంటివాళ్లు అప్పుడే దీన్ని బహిరంగంగా తప్పుపట్టారు. ఎన్నికలు బయటివాళ్లు జరపడం ఒక సర్వసత్తాక దేశానికి తగదని, అది కశ్మీర్ విషయంలోనూ ఉదాహరణగా మారుతుందని ఢిల్లీ అనుకుంది. ఆ కారణం అర్థం కానిదేమీ కాదు. కానీ దండయాత్రను దండయాత్ర అనడానికి అది అడ్డు రాకూడదు, వచ్చింది.

సోవియట్ సేనలు దిగిన మరో రెండు సందర్భాల్లో, 1968లో చెకొస్లొవేకియాపై భద్రతా మండలిలో, 1980 జనవరిలో అఫ్గానిస్తాన్‌పై సర్వప్రతినిధి సభలో కూడా దూరంగానే ఉన్నాం. మాస్కో విషయంలో మన తీరు 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో కొత్తగా పుట్టింది కాదు.

శ్రీలంక విషయంలో మన ఓటు ఎన్నిసార్లు మారింది?

ఈ విషయం వివరంగా చూడాలి. పరీక్షల్లో అడుగుతారని మాత్రమే కాదు, నిలకడను ఎలా పట్టుకోవాలో ఇక్కడ బాగా తెలుస్తుంది.

2009 మే 27న, ఎల్‌టీటీఈతో యుద్ధం ముగిసి పది రోజులైనా కాకముందే, జెనీవాలోని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల మండలిలో శ్రీలంకే రాసుకున్న తీర్మానం 29-12 ఓట్లతో నెగ్గింది. భారత్ దానికి అనుకూలం. 2012 మార్చి 22న అమెరికా తెచ్చిన తీర్మానం 24-15తో నెగ్గింది. ఈసారి భారత్ దీనికీ అనుకూలం, అంటే కొలంబోకు వ్యతిరేకం. 2013 మార్చి 21న కూడా అంతే. దానికి రెండు రోజుల ముందే ఇదే అంశం మీద డీఎంకే కేంద్ర ప్రభుత్వం నుంచి తప్పుకుంది. 2014 మార్చి 27న 23-12తో నెగ్గిన తీర్మానానికి దూరం. 2021 మార్చిలో, 2022 అక్టోబరు 6న మళ్లీ దూరం.

పైపైన చూస్తే గాలివాటం అనిపిస్తుంది. మన ప్రతినిధులు చదివిన ప్రకటనలు తీస్తే మరో సంగతి కనబడుతుంది. తమిళులకు సమానత్వం, గౌరవం దక్కాలి, శ్రీలంక రాజ్యాంగంలోని 13వ సవరణ అమలు కావాలి, రాష్ట్ర మండళ్లకు ఎన్నికలు జరగాలి అన్న కోరిక వాటిలో పదేపదే వస్తుంది. మారింది కోరిక కాదు, ఓటు. 2014లో ఎందుకు వెనక్కి తగ్గారంటే, ఆ తీర్మానం బయటి దర్యాప్తును కోరింది, అది ఒక దేశ వ్యవహారాల్లోకి చొరబడటమని ఢిల్లీ వివరణ.

సరే, బయటి దర్యాప్తు వద్దన్నదే సూత్రం అనుకుందాం. అయితే దాన్ని మిగతా చోట్ల పెట్టి చూడాలి. నాలుగు నెలల తర్వాత, 2014 జూలై 23న, గాజాపై బయటి దర్యాప్తు సంఘం వేయాలన్న తీర్మానానికి భారత్ అనుకూలంగా ఓటేసింది. అది 29-1తో నెగ్గింది. మార్చికీ జూలైకీ మధ్య ఢిల్లీలో ప్రభుత్వం మారింది, నిజమే. కానీ సూత్రం ఎందుకు మారిందో ఎవరూ చెప్పలేదు. 2017లో మయన్మార్‌పై నిజనిర్ధారణ బృందం వేసినప్పుడు ఆ తీర్మానంతో తమకు సంబంధం లేదని భారత్ ప్రకటించింది. 2021 మేలో గాజాపై, 2022 మార్చిలో ఉక్రెయిన్‌పై దర్యాప్తు సంఘాలు వేసినప్పుడు ఓటింగ్‌కు దూరంగా ఉంది. అంటే 2017 నుంచి చూసిన ఈ మూడింటిలో బయటి దర్యాప్తుల మీద మన వైఖరి ఒకేలా ఉంది. ఆ వైఖరి సరైనదా కాదా అన్నది వేరే చర్చ. బాధితులకు సొంత దేశంలో న్యాయం దొరికే దారి లేనప్పుడు బయటి దర్యాప్తునూ కాదంటే వాళ్లు ఎక్కడికి వెళ్లాలి అన్న ప్రశ్నకు ఢిల్లీ జవాబు చెప్పాల్సే ఉంది.

మయన్మార్‌లో ప్రజాస్వామ్యానికి మనం మద్దతిచ్చామా, సైన్యానికి ఇచ్చామా?

రెండూ చేశాం. రంగూన్ ఓడరేవులో, రైస్‌మిల్లుల్లో పనికి వెళ్లిన తెలుగువాళ్ల వారసులు ఇప్పటికీ ఆ దేశంలో ఉన్నారు, కాబట్టి మనకు ఇది దూరపు సంగతి కాదు. 1988 ఉద్యమం నాడు భారత్ బాహాటంగా ప్రజాస్వామ్యవాదుల పక్షాన నిలిచింది. ఆకాశవాణి బర్మీస్ ప్రసారాలు సైనిక పాలకులకు కంటగింపుగా ఉండేవి. పి.వి.నరసింహారావు ప్రధానిగా ఉండగా, 1993 నుంచి ధోరణి మారింది. ఈశాన్యంలో తిరుగుబాటు బృందాలు, సరిహద్దు, చైనా పలుకుబడి, తూర్పు దేశాలతో వాణిజ్యం, ఇవన్నీ కారణాలు. 1643 కిలోమీటర్ల సరిహద్దు ఉన్న దేశంతో మాట్లాడకుండా ఉండలేమన్న వాదనలో బలం ఉంది.

2021 ఫిబ్రవరి 1 సైనిక తిరుగుబాటు తర్వాత జరిగింది మాత్రం ఆ వాదనతో సరిపెట్టలేం. మార్చి 27న రాజధాని నేపిడాలో సైనిక దినోత్సవ కవాతుకు ప్రతినిధిని పంపిన ఎనిమిది దేశాల్లో మనం ఒకరం. సైన్యం నిరసనకారులను చంపుతున్న రోజులవి. మాట్లాడే దారి తెరిచి ఉంచుకోవడం వేరు, వేడుకకు వెళ్లడం వేరు. జూన్ 18న సర్వప్రతినిధి సభలో 119-1తో నెగ్గిన తీర్మానానికి, 2022 డిసెంబరు 21న భద్రతా మండలిలో 12-0తో నెగ్గిన 2669వ తీర్మానానికి దూరంగా ఉన్నాం. రెండోసారి మనతో పాటు దూరంగా ఉన్నవి చైనా, రష్యా.

ఓటింగ్‌కు దూరంగా ఉండటం అంటే తప్పించుకోవడమేనా?

ప్రతిసారీ కాదు. ఓటు వివరణ చదవకుండా తేల్చకూడదు. 2023 అక్టోబరు 27న గాజాపై ఓటింగ్‌లో భారత్ దూరంగా ఉందనే చాలామందికి తెలుసు. దానికి ముందు, హమాస్ దాడిని ఖండిస్తూ కెనడా తెచ్చిన సవరణకు భారత్ అనుకూలంగా ఓటేసింది. దానికి 88 ఓట్లు వచ్చినా మూడింట రెండొంతుల మెజారిటీ రాక వీగిపోయింది. ఆ మాట లేని తీర్మానానికి దూరంగా ఉంది. డిసెంబరు 12న మానవతా కాల్పుల విరమణ కోరిన తీర్మానానికి అనుకూలంగా ఓటేసింది. ఇందులో ఒక వరస కనబడుతుంది.

ఉక్రెయిన్ విషయంలో అలాంటి వరస దొరకడం కష్టం. 2022 మార్చి 2న 141-5తో నెగ్గిన తీర్మానం నాడు, ఏప్రిల్ 7న రష్యాను మానవ హక్కుల మండలి నుంచి సస్పెండ్ చేసిన 93-24 ఓటింగ్ నాడు, రెండుసార్లూ దూరం. సార్వభౌమత్వాన్ని గౌరవించాలని ప్రకటనల్లో చెప్పారు, ఉల్లంఘించింది ఎవరో చెప్పలేదు.

నీతులు చెప్పే పాశ్చాత్య దేశాలు నిలకడగా ఉన్నాయా?

చట్టాలు రాసుకున్నాయి, తప్పించుకునే దారులూ వెతుక్కున్నాయి. ఎన్నికైన ప్రభుత్వాన్ని సైన్యం కూలదోస్తే ఆ దేశ ప్రభుత్వానికి సాయం ఆపాలని అమెరికా చట్టంలో ఉంది. 2021లో మయన్మార్‌లో జరిగింది తిరుగుబాటేనని ఒక్క రోజులో తేల్చారు. 2023 జూలైలో నైజర్‌లో జరిగినదాన్ని తిరుగుబాటు అనడానికి అక్టోబరు దాకా ఆగారు. 2013 జూలై 3న ఈజిప్టులో జరిగినదానికి ఆ పేరు అసలు పెట్టనే లేదు. ఏటా 130 కోట్ల డాలర్ల సైనిక సాయం దాని మీద ఆధారపడి ఉంది మరి. కొన్ని ఆయుధాలను 2013 అక్టోబరులో ఆపి, 2015 మార్చిలో తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. పేరు పెట్టడమే చట్టాన్ని కదిలిస్తుంది కాబట్టి పేరు పెట్టకపోవడమే తప్పించుకునే దారి. వేరే దేశాల చట్టాలు చదివేటప్పుడు ఈ కీలును వెతకండి: నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, నిర్ణయించడానికి గడువు ఉందా, లేదా?

ఐరోపా సమాఖ్య పద్ధతి కొంత మెరుగు. వర్ధమాన దేశాలకు ఇచ్చే అదనపు సుంకాల రాయితీకి 27 అంతర్జాతీయ ఒడంబడికలను ముడిపెట్టారు. షరతులు ముందే రాసి ఉన్నాయి, నివేదికలు బయటికి వస్తాయి. శ్రీలంక 2010లో ఆ రాయితీ పోగొట్టుకుని 2017లో తిరిగి పొందింది. కంబోడియాకు ఉన్న మరో రకం రాయితీలో కొంత భాగాన్ని 2020 ఆగస్టులో తీసేశారు. అయితే ఈ రాయితీ షరతులన్నీ వర్ధమాన దేశాలకే. చమురు అమ్మే సంపన్న దేశాలకు ఇవి వర్తించవు.

వాళ్లే ద్వంద్వ ప్రమాణాలు పాటిస్తుంటే మనల్ని అడగడం ఏం న్యాయం?

వాళ్ల తప్పు చూపిస్తే బాధితుడి గాయం మానదు. ఈ విషయంలో తెలుగు నేల మీదే మంచి ఉదాహరణ ఉంది. రాజ్యహింసను జీవితమంతా ఎదిరించిన కె.బాలగోపాల్, నక్సలైట్ల హింసను కూడా అదే హక్కుల దృష్టితో ప్రశ్నించాలని పట్టుబట్టారు. ఆ చర్చలోంచే 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడింది. హక్కు మనిషిది, హింసించినవాడి జెండా రంగు చూసి అది మారదు. ప్రభుత్వాలను కూడా ఇంతకంటే తక్కువ అడగక్కర్లేదు.

మన ఇల్లు చక్కబెట్టుకోకుండా బయటివాళ్లకు చెప్పగలమా?

చెప్పడం మానక్కర్లేదు, ఇంటి పని మాత్రం ఆపకూడదు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలో భారత్ 1979 ఏప్రిల్ 10న చేరింది. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997 అక్టోబరు 14న సంతకం పెట్టి, ఇప్పటికీ ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఒక బిల్లు ఆమోదించింది, అది చట్టం కాకుండానే మురిగిపోయింది. 2017 అక్టోబరులో లా కమిషన్ తన 273వ నివేదికలో ధ్రువీకరణను సిఫార్సు చేసింది. బలవంతపు అదృశ్యాల ఒప్పందం మీద 2007లో సంతకం పెట్టి అక్కడే ఆగాం. 1951 శరణార్థుల ఒప్పందంలో, అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో మనం లేం.

మానవ హక్కుల మండలి ప్రతి దేశాన్నీ సుమారు నాలుగున్నరేళ్లకోసారి సమీక్షిస్తుంది. మన వంతు 2008, 2012, 2017, 2022ల్లో వచ్చింది. చిత్రహింసల ఒప్పందాన్ని ధ్రువీకరించమన్న సిఫార్సు మళ్లీ మళ్లీ వస్తోంది. ఈ లెక్కన తర్వాతి సమీక్ష సుమారు 2027లో. ఇక్కడి సంఘాలు కూడా నివేదిక పంపవచ్చు. ఒక్క సంఘం పంపితే 2815 పదాలు, కొన్ని కలిసి పంపితే 5630 పదాలు దాటకూడదు. తెలుగులో తీసుకోరు, ఇంగ్లిష్‌లో రాయాలి. సమీక్షకు నెలల ముందే గడువు ముగుస్తుంది కాబట్టి ఇప్పటి నుంచే కేసుల వివరాలు తేదీలతో సహా సేకరించి పెట్టుకోవాలి.

ఆంక్షలు పనిచేస్తాయా? పేదల పొట్ట కొట్టడమే కదా?

దేశం మొత్తం మీద విధిస్తే తరచూ అంతే. 1990 ఆగస్టులో భద్రతా మండలి 661వ తీర్మానంతో ఇరాక్ మీద మొదలైన ఆంక్షలతో ఆస్పత్రులు, సామాన్యులు నలిగిపోయారు, సద్దాం 2003 దాకా గద్దె దిగలేదు. ఆ అనుభవం తర్వాతే వ్యక్తుల ఆస్తులు, ప్రయాణాల మీద గురిపెట్టి విధించే పద్ధతి పెరిగింది. ఆయుధాల నిషేధాలు మరో రకం. దక్షిణాఫ్రికాపై 1977 నవంబరులో 418వ తీర్మానంతో భద్రతా మండలి తప్పనిసరి ఆయుధ నిషేధం పెట్టింది. హింసించే చేతికి తుపాకీ అందకుండా చూడటం, మిగతా ఏ చర్యకైనా ముందు అడగాల్సిన కనీస పని అని మా అభిప్రాయం.

గట్టిగా మాట్లాడితే మిర్చి ఎగుమతులు, గల్ఫ్‌లో మనవాళ్ల ఉద్యోగాలు ఏం కావాలి?

ఈ భయం ఉత్తుత్తిది కాదు. గుంటూరు తేజ రకానికి చైనా పెద్ద కొనుగోలుదారు. కోవిడ్ మూలాలపై దర్యాప్తు కోరిన ఆస్ట్రేలియా బార్లీ మీద 2020 మేలో చైనా 80.5 శాతం సుంకం వేసింది, 2023 ఆగస్టుకు గానీ ఎత్తేయలేదు. 2010లో చైనా అసమ్మతివాది లియు షియావోబోకు నోబెల్ శాంతి బహుమతి ఇచ్చినందుకు నార్వేతో చైనా సంబంధాలు 2016 డిసెంబరు దాకా చల్లారిపోయాయి. గల్ఫ్ సంగతి ఇంకా సున్నితం. 1990లో కువైట్ నుంచి లక్షన్నరకు పైగా భారతీయులను విమానాల్లో తీసుకురావాల్సి వచ్చింది.

అందుకే నష్టం ఎవరి మీద పడుతుందో ముందే లెక్క వేసి, దాన్ని అందరూ పంచుకునే ఏర్పాటు ఉండాలి. విదేశాంగ నిర్ణయం వల్ల యార్డులో ధర పడితే ఆ భారం ఒక్క రైతు మోయకూడదు. మరో జాగ్రత్త: పెద్ద కొనుగోలుదారు దగ్గర మౌనం, చిన్న దేశం దగ్గర ఉపన్యాసం అయితే అది విధానం కాదు. 2022 అక్టోబరు 6న మానవ హక్కుల మండలిలో, చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతంలో హక్కుల పరిస్థితిపై కేవలం చర్చ పెట్టాలన్న ప్రతిపాదన 17-19తో వీగిపోయింది. మనం దూరంగా ఉన్నాం. ఓటు తర్వాత, అక్కడి ప్రజల హక్కులను గౌరవించాలని విదేశాంగ శాఖ ఢిల్లీలో అన్నది. ఆ మాటే మండలిలో అనవచ్చు.

తెర వెనక చేసేది నిజమైన దౌత్యమో, ఉత్త మౌనమో ఎలా తెలుస్తుంది?

ఫలితం, జాడ రెండూ చూడాలి. 2005 ఫిబ్రవరి 1న నేపాల్ రాజు జ్ఞానేంద్ర అధికారం చేతుల్లోకి తీసుకుంటే భారత్ ఆయుధ సరఫరా ఆపింది. ఆ ఏడాది నవంబరులో ఏడు పార్టీలకూ మావోయిస్టులకూ మధ్య 12 అంశాల అవగాహన ఢిల్లీలోనే కుదిరింది. తెర వెనక పని జరిగితే ఇలాంటి జాడలు ఉంటాయి: ఆగిన సరఫరా, విడుదలైన ఖైదీలు, ప్రకటించిన ఎన్నికల తేదీ. ఏడాది గడిచినా ఏ జాడా లేకపోతే అక్కడ జరిగింది మౌనమే.

ప్రజాస్వామ్యానికి సద్దు లేకుండా చేసే సాయం కూడా ఉంది. ఎన్నికల సంఘం శిక్షణ సంస్థలో ఇతర దేశాల అధికారులు నేర్చుకుంటున్నారు. మైసూరు పెయింట్స్ సిరా ఎన్నో దేశాల ఓటర్ల వేలి మీదకు చేరింది. 2005లో ఐక్యరాజ్య సమితి ప్రజాస్వామ్య నిధి ఏర్పడినప్పుడు ముందుగా డబ్బు ఇచ్చినవాళ్లలో మనం ఉన్నాం.

ఒక దేశం నిలకడను మేమే కొలవాలంటే ఎలా మొదలుపెట్టాలి?

ముందు ఒకే రకం ఘటనలు ఎంచుకోండి. తిరుగుబాట్లయితే అన్నీ తిరుగుబాట్లే, దండయాత్రలైతే అన్నీ దండయాత్రలే. ఆరు నుంచి ఎనిమిది చాలు. వాటిలో ఆ దేశానికి మిత్రులు, ప్రత్యర్థులు, పెద్దగా సంబంధం లేనివాళ్లు ముగ్గురూ ఉండాలి. మీకు నచ్చని ఓట్లను మాత్రమే ఏరితే ఫలితం ముందే తేలిపోతుంది.

తర్వాత ఒక పట్టిక గీయండి. తేదీ, తీర్మానం సంఖ్య, అందులోని ముఖ్యమైన పేరా, ఓటు, ఓటు వివరణ, ఆయుధాలు, సాయం, ఉన్నత స్థాయి పర్యటనలు ఒక్కోదానికి ఒక్కో గడి. సర్వప్రతినిధి సభ, భద్రతా మండలి ఓట్లు ఐక్యరాజ్య సమితి డిజిటల్ లైబ్రరీలో ఓటింగ్ విభాగంలో దొరుకుతాయి. సర్వప్రతినిధి సభ తీర్మానాలకూ మానవ హక్కుల మండలి తీర్మానాలకూ సంఖ్యలు వేరుగా ఉంటాయి, కలపొద్దు. ఓటు వివరణలు న్యూయార్క్, జెనీవాల్లోని మన శాశ్వత కార్యాలయాల వెబ్‌సైట్లలో ఉంటాయి. దేశాలవారీ సాయం లెక్క కేంద్ర బడ్జెట్‌లో విదేశాంగ శాఖ గ్రాంట్ల డిమాండ్‌లో ఉంటుంది. నేపాల్, భూటాన్, మాల్దీవులు, మయన్మార్ అన్నీ అక్కడ కనబడతాయి.

తీర్మానం చదివేటప్పుడు ముందుమాట పేరాలను వదిలి, అంకెలు వేసిన పేరాలు చూడండి. ఖండిస్తున్నాం, గర్హిస్తున్నాం, ఆందోళన వ్యక్తం చేస్తున్నాం, ఈ మూడింటి బరువు ఒకటి కాదు. ఏ మాట కోసం ఎవరు పట్టుబట్టారన్నదే అసలు కథ.

చివరికి వాణిజ్యం, సరిహద్దు, చమురు, ఆయుధాల కొనుగోలును మరో గడిలో రాసి, ఓటును ఏది ముందే చెప్పేస్తోందో చూడండి: జరిగిన ఘటనా, ప్రయోజనమా? ప్రయోజనమే ప్రతిసారీ ముందే చెప్పేస్తుంటే, హక్కుల భాష ఎంత బాగున్నా అది పైపూతే.

ఎక్కువగా ఎక్కడ పొరపాటు పడతారు?

హాజరు కాకపోవడాన్నీ ఓటింగ్‌కు దూరంగా ఉండటాన్నీ ఒకటే అనుకుంటారు. ఓటింగ్ లేకుండా ఆమోదం పొందినవాటిని లెక్కలోకి తీసుకోరు. 2017 మయన్మార్ తీర్మానం అలాంటిదే, పట్టికల్లో మన పేరు కనబడదు, ప్రకటన వెతకాలి. సవరణలపై ఓట్లు వదిలేస్తారు. మానవ హక్కుల మండలిలో 47 దేశాలే ఉంటాయన్నది మరిచి, ఆ ఏడాది సభ్యత్వం లేని దేశానికి మౌనం అంటగడతారు. ఇంకో పెద్ద చిక్కు: మండలిలో ఇజ్రాయెల్, పాలస్తీనాలకు ఏడో అంశం అంటూ శాశ్వతంగా ఒకటి ఉంది, మరే దేశానికీ లేదు. అందుకే తీర్మానాల సంఖ్యను బట్టి దేశాలను పోల్చొద్దు.

విదేశాంగ శాఖకు ఆర్టీఐ పెడితే జవాబు వస్తుందా?

కాగితం అడిగితే వస్తుంది, అభిప్రాయం అడిగితే రాదు. "ఎందుకు ఓటేయలేదు?" అని రాస్తే అది సమాచారం కిందకు రాదని తిప్పి పంపుతారు. "ఫలానా తేదీ, ఫలానా సంఖ్య తీర్మానంపై చదివిన ఓటు వివరణ ప్రతి", "2020 నుంచి ఫలానా దేశానికి ఇచ్చిన రక్షణ శిక్షణలో ఏటా పాల్గొన్నవారి సంఖ్య" అని అడగండి. కేంద్ర ఆర్టీఐ పోర్టల్‌లో రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఆ పత్రం జతచేస్తే అదీ లేదు. దరఖాస్తు పెట్టెలో 3000 అక్షరాలకు మించి పట్టవు, ఎక్కువైతే జతచేయండి. ఒక దరఖాస్తులో ఒకే దేశం, ఒకే అంశం పెడితే మంచిది.

తిరస్కరించేది ఎక్కువగా రెండు నిబంధనల కింద. 8(1)(ఎ) విదేశీ సంబంధాలకు హాని, 8(1)(ఎఫ్) విదేశీ ప్రభుత్వం రహస్యంగా ఇచ్చిన సమాచారం. 20 ఏళ్లు దాటితే ఇవ్వాలన్న 8(3) మినహాయింపు 8(1)(ఎ)కు వర్తించదు, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. అందుకే దరఖాస్తులోనే 10వ సెక్షన్ ప్రకారం ఇవ్వగల భాగం వేరు చేసి ఇవ్వమని ఒక వాక్యం రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే తిరస్కరించినట్టే. ఆపై 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని నిర్ణయం తర్వాత 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. పాత ఫైళ్లకు ఆర్టీఐ అక్కర్లేదు, జాతీయ ప్రాచీన పత్ర భాండాగారం వారి అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ముందు వెతకండి.

మన ఎంపీతో పార్లమెంటులో ప్రశ్న వేయించవచ్చా?

వేయించవచ్చు. విజయవాడ, గుంటూరు ఎంపీల కార్యాలయాలకు ఉత్తరం ఇచ్చేటప్పుడు ప్రశ్నను తయారు చేసి ఇస్తే పని జరిగే అవకాశం ఎక్కువ. లోక్‌సభ ప్రశ్నకు కనీసం 15 పూర్తి రోజుల ముందు నోటీసు కావాలి, మామూలుగా 150 పదాలు దాటకూడదు, మిత్రదేశాన్ని అగౌరవంగా ప్రస్తావించకూడదు. వాదన వద్దు, వివరాలే అడగాలి. ఉదాహరణకు ఇలా:

"(ఎ) 2021 ఫిబ్రవరి తర్వాత మయన్మార్‌కు ప్రభుత్వ రంగ సంస్థలు ఎగుమతి చేసిన రక్షణ సామగ్రి వివరాలు ఏడాదివారీగా, (బి) అలాంటి ఎగుమతికి అనుమతించే ముందు కొనే దేశంలో మానవ హక్కుల పరిస్థితిని పరిశీలించే విధానం ఉందా, (సి) ఉంటే దాని వివరాలు, లేకపోతే కారణాలు?"

(బి) భాగమే ముఖ్యం. ఉందన్నా, లేదన్నా ఆ జవాబు సభ రికార్డుల్లోకి ఎక్కుతుంది, తర్వాత ఏ దేశం విషయంలోనైనా దాన్నే ముందు పెట్టి అడగవచ్చు. మంత్రి సభలో నోటితో జవాబు చెప్పే నక్షత్రం గుర్తు ప్రశ్నలు రోజుకు 20 మాత్రమే, లాటరీలో రావాలి. రాతపూర్వక జవాబు వచ్చే నక్షత్రం గుర్తు లేని ప్రశ్నలు రోజుకు 230 దాకా ఉంటాయి, అంకెలు కావాలంటే అవే మేలు. సమావేశాల తేదీలు ప్రకటించిన వారంలోనే ఉత్తరం ఎంపీ కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోండి.